దొరగారి అక్కగారు

మొన్న బుధవారం పొద్దున అక్కయ్యగారు పోయారు. మాస్టారు ఫోన్ చేసినప్పుడు నేను విజయవాడలో డిగ్రీ ఇంగ్లీషు పేపర్లు దిద్దుతున్నాను. ఆ హాల్లో ఫోన్ ఎత్తకూడదు. కానీ మాస్టారు ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు కాబట్టి వరండాలోకి పరిగెత్తాను. ఏ సంగతి చెప్పాలన్నా ముందు రెండు నిమిషాలు ఉపోద్ఘాతం చెప్పే ఆయన, ఈసారి "అమ్మా, అక్కయ్య పోయింది" అని ఆగిపోయారు. రాత్రి మామూలుగానే పెరుగన్నం తిని పడుకున్నారట. పొద్దున కాఫీ కలిపి తీసుకెళ్ళి లేపితే లేవలేదట. సగం దిద్దిన పేపర్ల కట్టను అలాగే అప్పజెప్పి పామర్రు బస్సెక్కాను.

ఉయ్యూరు దాకా నాకు ఏడుపు రాలేదు. అక్కడ చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే, అక్కయ్యగారి నోట్సు మొదటిసారి జిరాక్సు తీయించుకున్న కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. దాన్ని చూసి ఏడిచాను. పక్క సీటావిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

అక్కయ్యగారంటే మా మాస్టారికి అక్కయ్య. మాస్టారంటే పామర్రులో ముప్పయ్యేళ్ళ పైన డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్ చెప్పినాయన. ఆయన అక్కయ్యా అంటే మేమూ అక్కయ్యగారూ అనేవాళ్ళం. మా తర్వాత వచ్చిన, మనవల వయసు పిల్లలు కూడా అలాగే పిలిచారు. వాళ్ళది నేతపనివాళ్ళ ఇల్లు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆవిడ అయిదో తరగతితో చదువు ఆపేసి మగ్గం ఎక్కారు. తమ్ముడు ఆవిడకన్నా పదేళ్ళు చిన్న. అతను ఎమ్మే దాకా చదివింది ఆ మగ్గం మీదే. ఎవరైనా పెళ్ళి ఊసెత్తితే, తమ్ముడి పరీక్షలు అవనివ్వండి అనేవారట. తమ్ముడి పరీక్షలు అయ్యేసరికి తమ్ముడి శిష్యుల పరీక్షలు మొదలయ్యాయి. ఆయన కూడా పెళ్ళి చేసుకోలేదు. ఆ పెంకుటింట్లో ఇద్దరే ఉండేవాళ్ళు, సాయంత్రమైతే మేం నలభైమందిమి.

మా మాస్టారు పాఠం చెబితే వినాలి. కానీ ఆయన చేతిరాత మాత్రం కోడి కెలికినట్టు ఉంటుంది. ట్యూషన్ పెట్టిన మొదటి ఏడాది, ఆయన రాసిచ్చిన నోట్సు ఒక్కరికీ అర్థం కాలేదట. అప్పుడు అక్కయ్యగారు, నేను సాపు రాసిస్తాను ఇటివ్వు అన్నారు. ఆవిడకి అప్పటికి ఇంగ్లీషులో అక్షరాలు గుర్తుపట్టడం వరకే వచ్చు. కానీ మగ్గం రోజుల్లో చీర అంచుల డిజైన్లు గళ్ళ కాగితం మీద వేసేది ఆవిడే. నెమలి ముక్కు ఎన్నో గడిలో మొదలై ఎన్నో గడిలో ముగుస్తుందో లెక్క తప్పని చెయ్యి. ఇంగ్లీషు అక్షరాలనూ అలాగే చూశారు. తమ్ముడు ఒక్కో మాటా పలుకుతూ అక్షరాలు చెబుతుంటే, ఆవిడ డిజైను ఎక్కించినట్టు కాగితం మీదికి ఎక్కించారు. ఆ నోట్సే తర్వాత కూచిపూడి నుంచి ఉయ్యూరు దాకా, బస్సు తిరిగిన ప్రతి ఊరికీ జిరాక్సుల్లో తిరిగింది.

అందులో పన్నెండు పేజీలు మా సిలబస్‌లో ఉన్న ఒక ఇంగ్లీషు నవలాకారుడి జీవితమూ రచనలూ. పరీక్షలో తప్పకుండా వచ్చే పెద్ద ప్రశ్న అదే. ఆయన పేరు అక్కయ్యగారు నోటితో ఏనాడూ అనలేదు, దొరగారు అనేవారు. నేనూ అలాగే అంటాను, ఆవిడ పోయాక ఆవిడ గురించి రాస్తున్న ఈ నాలుగు మాటల్లో ఆయన అసలు పేరుతో నాకు పని లేదు.

దొరగారు ఆవిడకి పక్క వీధి మనిషి. చిన్నతనంలోనే పనికి వెళ్ళాల్సి వచ్చిందని రాసినప్పుడల్లా, "పాపం, మనలాటోడే" అనేవారు. పత్రికలకి సీరియళ్ళు రాశాడంటే, వారం వారం గడువుకి చీర దించినట్టే కదా అని ఆయన కష్టాన్ని వెంటనే అర్థం చేసుకునేవారు. ఊరూరా తిరిగి తన నవలలు తనే చదివి వినిపించి ఆరోగ్యం పాడుచేసుకున్నాడని రాసేటప్పుడు మాత్రం కోపం వచ్చేది. చెప్పేవాళ్ళు లేకపోతే మనిషి అంతే అనేవారు. భార్యతో ఆయన సరిగ్గా ఉండలేదన్న పేరా దగ్గర అయితే పెదవి విరిచి, "లోకమంతటికీ న్యాయం చెప్పాడు, ఇంటావిడకి తప్ప" అనేసేవారు. నేను తర్వాత లైబ్రరీలో దొరగారి మీద లావుపాటి విమర్శ గ్రంథాలు చదివాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

జిరాక్సుకి జిరాక్సు తీసీ తీసీ అక్షరాలు చెదిరిపోయేవి. అందుకని రెండు మూడేళ్ళకోసారి అక్కయ్యగారు అసలు ప్రతి మళ్ళీ ఎత్తిరాసేవారు. పన్నెండో పేజీలో దొరగారు చివరి నవల సగంలో ఉండగా చనిపోతారు. ఆ పేజీ రాసిన రోజున ఆవిడ తలస్నానం చేసేవారు. నేను మొదటిసారి చూసి, ఇవాళ శుక్రవారం కూడా కాదు, ఏంటండీ అని అడిగాను. మైలని కాదు గానీ, చేత్తో రాశాక ఊరుకోవడానికి మనసొప్పదు అన్నారు. మాస్టారు నవ్వి, మా అక్కయ్య దొరగారికి ఇప్పటికి అయిదుసార్లు కర్మ చేసింది అన్నారు.

నన్ను బాగుచేసింది ఆవిడే. డిగ్రీ మొదటి ఏడాది ఇంగ్లీషు తప్పాను. మాది కూచిపూడి దగ్గర చిన్న ఊరు, వ్యవసాయం. మా నాన్న ఒక్కసారి చూస్తానన్నారు, రెండోసారి తప్పితే చదువు మానేయమన్నారు. పామర్రు వచ్చి ట్యూషన్లో వెనక బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాను. పాఠం అయ్యాక అక్కయ్యగారు నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచి, గళ్ళ కాగితం ఒకటి ఇచ్చి, దొరగారి మొదటి పేజీ ఇందులో దించు అన్నారు. గడికో అక్షరం. గంటన్నర పట్టింది. నాకు విసుగొచ్చింది. ఆవిడ మాత్రం పక్కన కూర్చుని గోంగూర వలుస్తూ, "తొందరపడితే పోగు తెగుద్దమ్మా" అన్నారు. నెల రోజులు రోజుకో పేజీ అలాగే దించాను. ఒక రోజున హఠాత్తుగా, నేను దించుతున్నది నాకు అర్థమవుతోందని తెలిసింది. ఆవిడకి చెబితే ఆశ్చర్యపోలేదు. చేతికెక్కింది బుర్రకెక్కకుండా ఎక్కడికి పోద్ది అన్నారు. ఇవాళ నేను కాలేజీలో నిలబడి ఇంగ్లీషు చెబుతున్నానంటే ఆ వంటింటి గుమ్మం దగ్గర మొదలైందే. ఆ మాట ఆవిడకి ఎన్నోసార్లు చెప్పాను. ప్రతిసారీ, కూర మాడుతోంది అంటూ లేచి వెళ్ళిపోయేవారు.

మా కంఠస్థాల గురించి కూడా చెప్పాలి. అక్కయ్యగారి నోట్సుని మేం చదివేవాళ్ళం కాదు, మింగేవాళ్ళం. ఏ వాక్యం ఏ గీత మీద మొదలవుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం. ఒక ఏడాది ఆవిడ ముచ్చటపడి ప్రతి పేజీ చివరా చిన్న మల్లెమొగ్గ వేశారు. ఆ ఏడాది మా బ్యాచ్‌లో ఇద్దరు పరీక్ష పేపర్లో కూడా మొగ్గలు వేసొచ్చారు. మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాకు ఉద్యోగం వచ్చిన మూడో ఏడాది అసలు సంగతి బయటపడింది. పేపర్లు దిద్దే హాల్లో చీఫ్ ఎగ్జామినర్‌గా వేరే జిల్లా నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మధ్యాహ్నం కాఫీ వేళకి మా బల్ల దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఈ నవలాకారుడికి అక్కగారెవరో ఉందట, మీ కృష్ణా జిల్లా పిల్లలకే కనిపిస్తోంది, ఎవరావిడ?" అన్నారు. చేతిలో పేపర్లు. అన్నింటిలో ఒకే వాక్యం. ఆయన రాసిన ప్రతి పేజీనీ సాపు చేసి పెట్టింది ఆయన అక్కగారే. ఇంగ్లీషులో ఆ వాక్యం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. నా పరీక్షలో నేను రాసింది, నా క్లాసులో నేను చెప్పింది. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం లేక, కనుక్కుంటానండీ అన్నాను. కనుక్కోండి, ఈలోగా అది రాసినవాళ్ళకి ఒక మార్కు తగ్గించండి, లేనిపోనివి రాస్తే ఎలా అన్నారాయన. ఆయన తప్పేం లేదు.

వారం రోజులు లైబ్రరీలో వెతికాను. అలాంటి అక్కగారు ఎక్కడా లేదు. దొరగారి రాతప్రతులు కొట్టివేతలతో సహా ఆయన చేతిరాతలోనే ఉన్నాయట. ఆదివారం పామర్రు వెళ్ళాను.

మాస్టారు వసారాలో పేపరు చదువుకుంటున్నారు. భయపడుతూనే అడిగాను. ఏ అక్క అన్నారు. నోట్సు తీసి వాక్యం చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, నేను రాయలేదే అన్నారు. లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టెలోంచి తన కోడిగీతల చిత్తుప్రతి తెచ్చి పేజీ పేజీ తిప్పారు. అందులో లేదు. అప్పుడు కళ్ళజోడు సరిచేసుకుని జిరాక్సు ప్రతి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని చదవడం అదే మొదటిసారని నాకు అప్పుడు అర్థమైంది. పాఠం ఆయనకి కంఠతా వచ్చు. అక్కయ్య రాస్తే పొల్లు కూడా తప్పు పోదన్న నమ్మకం. ఇంక చూడాల్సిన పనేముంది?

అక్కయ్యగారు మాకు కాఫీలు పట్టుకొచ్చారు. తమ్ముడి చేతిలో నోట్సు చూశారు, నా మొహం చూశారు. గ్లాసులు కింద పెట్టి స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు.

"అది నేనే వేశానమ్మా" అన్నారు.

మాస్టారు మళ్ళీ ఆ వాక్యం వైపే చూశారు. నేనే అడిగాను, ఇంగ్లీషు మీకు ఎప్పుడొచ్చిందండీ అని. ఎప్పుడని ఏం చెప్పను, తమ్ముడు ముందు గదిలో చెబుతుంటే వెనక గదిలో వినిపిస్తానే ఉంటదిగా అన్నారు. సిలబస్‌లో ఇంకో పాఠంలో అక్క అన్న మాట ఉంది. వ్యాకరణం నోట్సులో సాపు చేసింది అన్న మాట ఉంది. ప్రతి పేజీ అన్నది ఎక్కడ పడితే అక్కడ ఉంది. ఒక్కో మాటా ఒక్కో చోట ఏరి పెట్టుకుని, ఏ వరసలో పెడితే కుదురుద్దో ఏడాది పాటు చూసుకుని, ఆ తర్వాత ఎత్తిరాసినప్పుడు వేశారట. ఆ వాక్యంలో ఒక్క తప్పు లేదు. అది దొరగారి విషయంలో నిజం కాకపోవడం ఒక్కటే దాని లోపం.

ఎందుకు వేశారో నేను అడగలేదు. ఆవిడే చెప్పారు.

"మా నాయన చీర కొసన ఒక్క పసుప్పోగు వేసేవాడమ్మా. ఏ రంగు చీరైనా సరే. కట్టుకునేవాళ్ళకి అది నడుం దగ్గర లోపలికి పోద్ది, కనపడదు. నేసినోడికి తెలుసు, చాలు అనేవాడు. నేను మగ్గం దిగి ఇన్నేళ్ళయ్యింది. ఇన్ని పేజీలు నేశాను కదా, ఒక్క పోగు వేసుకుందామనిపించింది. ఎవరికీ కనపడదనుకున్నా."

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు. తర్వాత, ఉంచేద్దాం అక్కయ్యా, ఎవరేమనుకుంటే మనకేం అన్నారు. నాకూ ఉంచేయమనే ఉంది. ఆ హాల్లో అందరికీ వినపడేలా, ఉందండీ, ఆ అక్కగారు ఉంది, పామర్రులో ఉంది అని చెప్పాలని ఉంది.

అక్కయ్యగారు నన్నే అడిగారు. "దానివల్ల పిల్లలకి మార్కులు పోతన్నాయా?"

అబద్ధం ఆడదామనుకున్నాను. ఆ గళ్ళ కాగితం గుర్తొచ్చి ఆడలేకపోయాను. ఒక మార్కు పోతోందండీ అన్నాను.

"ఒక్క మార్కుతో తప్పేవాళ్ళు కూడా ఉంటారుగా. నువ్వు ఎంతలో తప్పావు?"

నేను రెండు మార్కుల్లో తప్పాను. ఆవిడకి అది గుర్తుంది.

లేచి చేతులు కడుక్కుని, కలంలో సిరా నింపుకుని, ఆ పేజీ మళ్ళీ రాయడానికి కూర్చున్నారు. నేను పక్కనే ఉన్నాను. చూపుడువేలు మీద మగ్గం నాటి పాత కోత మచ్చ, మధ్యవేలు మీద సిరా మరక. ఆ చోటు వచ్చింది. కలం ఎత్తి, పాళీని చీర అంచుకి తుడిచి, ఒక గీత కిందికి దిగి తర్వాతి వాక్యం అందుకున్నారు. మధ్యలో ఒక గీత ఖాళీగా ఉండిపోయింది. చోటు మిగిలిపోయిందండీ అన్నాను మెల్లిగా.

"పోగు తీసేసినచోటు కనపడుద్దమ్మా. ఏం చేస్తాం" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ ఆ నోట్సు మరో మూడుసార్లు ఎత్తిరాశారు. మూడుసార్లూ ఆ గీత ఖాళీగానే ఉంది. పిల్లలు జిరాక్సు సరిగ్గా పడలేదనుకునేవాళ్ళు. మాస్టారు మాత్రం ఆ రోజు నుంచి అక్కయ్య రాసిన ప్రతి పేజీ మొదటి నుంచి చివరిదాకా చదివి, కింద చిన్న సంతకం పెట్టేవారు. మొదటిసారి పెట్టినప్పుడు, ఇదేం ముద్రరా, తాసీల్దారువా అని ఆవిడ వేళాకోళం చేశారు. కానీ చదువుతున్నంతసేపూ పక్కనే నిలబడి ఆయన మొహమే చూస్తుండేవారు. చూపు మందగించాక రాయడం మానేశారు. చివరి ప్రతి ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోందని నా స్టూడెంట్లు చెబితే ఆవిడకి చెప్పాను. ఫోన్లో కూడా ఆ ఖాళీ ఉందా అని అడిగారు. ఉందండీ అంటే తల ఊపారు.

బుధవారం నేను వెళ్ళేసరికి ఇంటి ముందు జనం నిండిపోయారు. బ్యాంకువాళ్ళు, టీచర్లు, బట్టల కొట్టువాళ్ళు, ఎరువుల షాపులవాళ్ళు, ఎవరికి వారు, నాకు ఇంగ్లీషు వచ్చింది ఆవిడ చేతిరాతతోనే అంటున్నారు. కాళ్ళ దగ్గర ఎవరో సిరా కలం పెట్టారు. మాస్టారు దాన్ని తీసి జేబులో పెట్టుకున్నారు. నన్ను చూసి, ఎనభై ఏళ్ళు దాటాయి, పోవాల్సిన వయసేలే అన్నారు. కాసేపటికి, "నేను ముందే చదివుండాల్సిందమ్మా" అన్నారు. చదివారు కదండీ, ఆ తర్వాత ఆవిడ రాసినన్నాళ్ళూ చదివారు అన్నాను. నాకు తోచింది అదే. ఆవిడని సాగనంపి వచ్చాక అందరితో పాటు నేనూ స్నానం చేసి తడి జుట్టుతో చివరి బస్సు ఎక్కాను. దొరగారి కోసం ఆవిడ చేసిన స్నానాలు దారంతా గుర్తొచ్చాయి.

శుక్రవారం మళ్ళీ హాల్లో కూర్చున్నాను. నేను వదిలి వెళ్ళిన కట్టే నా బల్ల మీద పెట్టారు. నాలుగో పేపర్లో దొరగారి ప్రశ్నకి జవాబు ఉంది. మొదటి వాక్యానికే తెలిసిపోయింది, మా నోట్సు. గుండ్రటి రాత, తొందర లేని రాత. ఏ ఊరి పిల్లో, ఏ ఇంటి పిల్లాడో నాకు తెలియదు, పేపరు మీద నంబరే ఉంటుంది. దొరగారు పుట్టారు, పనికెళ్ళారు, సీరియళ్ళు రాశారు, ఊరూరా తిరిగారు. పేజీ తిప్పాను. ఆ చోట ఒక గీత ఖాళీగా ఉంది. పైవాక్యం దాకా రాసి, ఒక గీత వదిలి, కిందివాక్యం అందుకున్నారు. నోట్సులో ఎలా ఉందో అలాగే మింగి, అలాగే అప్పజెప్పారు.

జవాబు మధ్యలో ఖాళీ వదిలితే ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టాలని మాకు నియమం. తర్వాత ఎవరూ అందులో ఏమీ రాయకుండా. కలం ఆ ఖాళీ గీత మీద పెట్టాను. పక్క బల్లాయన, ఏంటి మేడమ్, ఏమైనా తప్పుందా అన్నారు.

లేదండీ, అంతా సరిగ్గానే ఉంది అన్నాను. ఆ గీతని అలాగే తెల్లగా ఉంచి, కిందివాక్యానికి టిక్కు పెట్టి పేజీ తిప్పాను.